ఋణం ఇంటూ ఋణం

ఈ ఊరి పేరు హల్.
అచ్చు తగలని పొల్లు.
ఇక్కడి పిల్లలు మాటల్లో సగం మింగేస్తారు,
మిగిలిన సగం నా చెవికి పట్టడానికి
మూడు చలికాలాలు పట్టింది.

ఆదివారం రాత్రి వంటగది బల్ల మీద
పాఠానికి ప్రణాళిక.
ఎనిమిదో తరగతి, రెండో పీరియడ్, యాభై నిమిషాలు.
లక్ష్యం ఒక గడిలో పట్టాలి.
అయిదు నిమిషాలు పాతది, పన్నెండు కొత్తది,
చివరి పది నిమిషాలు ముగింపు చీటీలు,
"ఊహించదగిన పొరపాట్లు" అని ఇంకో గడి.
అందులో నా పొరపాట్లకి చోటు లేదు.
పొయ్యి మీద కుక్కర్ మూడు కూతలు కూసింది.
ఆ వారంలో సమయానికి నడిచింది అదొక్కటే.

సోమవారం. బయట మైనస్ రెండు.
ఇంతకంటే మంచి బోధనోపకరణం ఉంటుందా అని
బస్సులో నాలో నేనే పొంగిపోయాను.
వెనక బెంచీలో మిసెస్ ఆక్లండ్.
ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం,
కాగితం మీద నా పేరు, ఒక అక్షరం ఎక్కువగా.

థర్మామీటర్ దిగింది, లిఫ్టు దిగింది,
హంబర్ నీళ్ళు పాటుకి దిగాయి,
అన్నీ రాసుకున్నట్టే దిగాయి.
మైనస్ ఇంటూ మైనస్ దగ్గర
బండి దిగబడింది.

"ఎందుకు ప్లస్, మిస్?"
కైరన్ సగ్డెన్, చెయ్యెత్తకుండా,
కుర్చీని రెండు కాళ్ళ మీద ఊపుతూ.

ఎందుకా?
మా ఏడో తరగతిలో ఆ మాట ఎవరూ అడగలేదు.
*ఋణం ఇంటూ ఋణం ధనం*,
ఎక్కంలా ఊగుతూ అప్పజెప్పాం,
సత్యవేణి టీచర్ బెత్తం తాళం వేసింది.
అప్పజెప్పడమంటే తిరిగిచ్చెయ్యడమే కదా,
మా దగ్గర ఏమీ మిగల్లేదు.

బాణాలు గీశాను. చెరిపాను. మళ్ళీ గీశాను.
పన్నెండు నిమిషాలు ఇరవై దాటాయి.
వెనక కలం గీరుకుంటున్న చప్పుడు.

కిటికీ పక్కన డెమీ బ్లాంచర్డ్,
సెప్టెంబర్ నుంచి నోరు విప్పని పిల్ల,
గోళ్ళ రంగు గీక్కుంటూ అంది:
"కేటలాగ్ వాళ్ళకి మా అమ్మ నెలకి పది పౌండ్లు కట్టాలి.
మూడు నెలలవి కొట్టేశారు.
ఎవరూ ఏమీ ఇవ్వలేదు,
కానీ ముప్ఫై వచ్చినట్టేగా?
ఆ రాత్రి చిప్స్ తెచ్చుకున్నాం,
ఎర్ర పొడి చల్లుకుని."

నవ్వబోయినవాడు ఆగిపోయాడు.

అప్పు. ఋణం.
ముప్ఫై ఏళ్ళుగా నా నోట్లోనే ఉన్న జవాబు,
నేనెన్నడూ నమిలి చూడనిది.
బోర్డు మీద నెమ్మదిగా రాశాను,
మైనస్ మూడు ఇంటూ మైనస్ పది.
కైరన్ కుర్చీ నాలుగు కాళ్ళ మీదికొచ్చింది.
గంట మోగింది. చీటీలు పంచనే లేదు.

మిసెస్ ఆక్లండ్ కాగితం:
*ఉదాహరణలు బాగున్నాయి. వేగం చాలదు.
నేర్చుకున్నారనడానికి ఆధారం?*
తలుపు దగ్గర మాత్రం ఆగి
"మాట్లాడింది డెమీయేనా?" అని రెండుసార్లు అడిగింది.
కాగితం మీద అది రాయలేదు.

రాత్రి నోటు పుస్తకాలు.
ఎరుపు వద్దని బడి నియమం, ఆకుపచ్చ సిరా.
కైరన్ రాశాడు: మైనస్ ఇంటూ మైనస్ = చిప్స్.
టిక్కు పెట్టాలా? పెట్టాను.
డెమీ పుస్తకం చివరికి ఉంచుకున్నాను.
అయిదు లెక్కల్లో మూడు తప్పు.
గుర్తులన్నీ తారుమారు.

కలం మూత పెట్టాను, తీశాను.
తెలిసిన పిల్లకి తెలియలేదని ఎలా రాయను?
తెలిసిందని మాత్రం ఎలా రాయను?
పుస్తకం మూసి, కొత్త కాగితం తీశాను.

గురువారం.
మొదటి అయిదు నిమిషాలు:
డెమీ తప్పు చేసిన మూడో లెక్క,
తన పేరు చెప్పకుండా.